బావి అడుగు నుంచి బల్ల మీదికి



కడప జిల్లా కమలాపురం నుంచి ఎర్రగుంట్ల దిక్కు పోయేకొద్దీ నాపరాళ్ల గనులు, బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీలు, సిమెంటు ఫ్యాక్టరీలు వస్తాయి. ఇంకా ముందుకు పోతే థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. ఇటు పాపఘ్ని, పెన్న పక్కనున్న మళ్లలో బోర్లు, వాటి నడుమ నీళ్లింకిపోయిన పాత బావులు. ఇన్ని మిషన్లు తిరిగిన నేలమీద పాత ఇనుముకు కొదవ ఉండదు. మా వైపు ఆ సామాను కొనే చోటిని గుజిరీ అంగడి అంటాం. అక్కడ కుప్పలో ఏముంటాయో చూడండి: చిల్లులు పడిన జీఐ పైపులు, కాలిపోయిన బోరు మోటార్లు, ఆయిల్ ఇంజన్ల హెడ్లు, చెనిక్కాయలు వలిచే మిషన్ల పళ్లచక్రాలు, కుట్టుమిషన్ల దిమ్మెలు, రాతిని కోసి కోసి అరిగిపోయిన రంపపు చక్రాలు. అన్నీ కిలోల లెక్కన వస్తాయి, కిలోల లెక్కనే లారీకెక్కి కొలిమికి పోతాయి.

ఆ లారీ ఎక్కకముందే కొన్ని ముక్కలను పక్కకు తీసి దీపాలుగా చెయ్యడం గురించి ఈ పూట మాట్లాడతాను. అన్నిటినీ తియ్యాలని కాదు. పాత ఇనుము కరిగి కొత్త ఇనుము కావడం మంచి పనే, ఖనిజం తవ్వే బాధ తగ్గుతుంది. కానీ కొన్ని ముక్కలకు ఆకారముంది, చేసిన పని తాలూకు గుర్తులున్నాయి. అవి కరిగిపోతే ఆ పని ఎట్లా జరిగేదో చూపడానికి మన ఊళ్లలో ఇంకేమీ మిగలదు.

ఇట్లాంటి దీపాలకు ప్రపంచంలో స్టీమ్‌పంక్ దీపాలని పేరు. కె.డబ్ల్యు. జెటర్ అనే అమెరికన్ రచయిత 1987లో ఒక సైన్సు ఫిక్షన్ పత్రికకు రాసిన ఉత్తరంలో ఆ మాట పుట్టింది. ఆవిరి యంత్రాల కాలపు లోకాన్ని ఊహించి రాసే కథలకు ఆయన పెట్టిన పేరది. జూల్ వెర్న్, హెచ్.జి. వెల్స్ నవలల్లోని ఇత్తడి చక్రాలు, గాజు గొట్టాలు, ఒత్తిడి చూపే ముళ్లు ఆ ఊహకు మూలం. కథల్లోంచి అది వస్తువుల్లోకి వచ్చింది. 2009 అక్టోబరులో ఆక్స్‌ఫర్డ్‌లోని విజ్ఞానశాస్త్ర చరిత్ర మ్యూజియం ఈ కళ ఒక్కదానికే ప్రదర్శన పెట్టింది. దాన్ని కూర్చిన ఆర్ట్ డోనోవన్ అమెరికాలో దీపాలు చేసే కళాకారుడు. బెర్లిన్‌లో ఫ్రాంక్ బుక్‌వాల్డ్ అనే ఆయన యంత్రాల్లాంటి దీపాలు చేతితో చేస్తాడు. ఫోటోలు చూస్తే ప్రతి మరా ఎంత శ్రద్ధగా కూర్చాడో తెలుస్తుంది.

అయితే వాళ్లకూ మనకూ ఒక తేడా ఉంది. వాళ్లకు ఆవిరి యుగం తాతల నాటి మాట, సగం ఊహ. మనకు నిన్నటి మాట. చిత్తరంజన్ కార్ఖానా 1972 దాకా ఆవిరి ఇంజన్లు తయారుచేసింది. గుంతకల్లు నుంచి ఎర్రగుంట్ల, కమలాపురం, కడప మీదుగా రేణిగుంటకు పోయే మన రైలుమార్గం మద్రాసు రైల్వే వేసినది. 1871లో అది రాయచూరు దగ్గర బొంబాయి వైపు నుంచి వచ్చిన మార్గంతో కలిసింది. ఈ పట్టాల మీద బొగ్గు ఎగదోసిన ఫైర్‌మన్ల పిల్లలు ఇంకా మన మధ్యే ఉన్నారు. కాబట్టి మనం యంత్రయుగాన్ని ఊహించుకోనక్కరలేదు. బావి దగ్గరికి పోయి చూస్తే చాలు.

పారేసిన వస్తువుతో దీపం చెయ్యడం కూడా మనకు కొత్త కాదు. కరెంటు రాని కాలంలో ప్రతి ఇంట్లోనూ కిరసనాయిలు బుడ్డి ఉండేది. సిరా బుడ్డో మందు సీసానో తీసుకుని, మూతకు చిల్లు పెట్టి, చిన్న రేకుగొట్టం దూర్చి, పాత గుడ్డ పేలికను వత్తిగా వేసేవాళ్లు. దానికి సొగసు లేదు కానీ ఆలోచన ఉంది: గొట్టం సన్నగా ఉండాలి, వత్తి బిగుతుగా కూర్చోవాలి, మూతలో గాలి ఆడాలి. ఆ బుడ్డి చేసిన చెయ్యే ఈ దీపాలకూ కావాలి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఫుట్‌వాల్వు దీపం. దాని గురించి కొంచెం ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే ఆ ముక్కలో మన నీళ్ల చరిత్ర మొత్తం ఉంది.

ఎద్దులతో నీళ్లు తోడే కపిల బాన పోయి ఆయిల్ ఇంజన్ వచ్చినప్పుడు బావి గట్టు మీదనో, లోపల అరుగు మీదనో ఇంజన్, పంపు కూర్చున్నాయి. పంపు నుంచి ఒక పైపు నీళ్లలోకి దిగేది. ఆ పైపు కొసన ఉండేదే ఫుట్‌వాల్వు. పోతపోసిన ఇనుముతోనో ఇత్తడితోనో చేసిన గుండ్రటి బుర్ర, కింద చిల్లుల జల్లెడ, లోపల తోలుదో రబ్బరుదో ఒక మూత. నీళ్లు పైకి పోతాయి, తిరిగి కిందికి జారవు. జల్లెడ ఆకులూ చెత్తా రాకుండా ఆపుతుంది. ఆ మూత అరిగిందా, పొద్దున ఇంజన్ తిప్పితే పంపు నీళ్లందుకోదు. అప్పుడు పైనుంచి బిందెలతో నీళ్లు పోసి, ఒక్కోసారి పేడనీళ్లు పోసి సందులు మూసి, చక్రం తిప్పేవాళ్లు. ఇది చేసిన రైతులకు నేను చెప్పాల్సిన పనిలేదు.

పైపులోంచి నీళ్లు పైకి రావడానికి కారణం పంపు లాగడం ఒక్కటే కాదు. పంపు పైపులో గాలిని తీసేస్తే, బయటి గాలి బరువు బావి నీళ్లను పైకి నెడుతుంది. ఆ బరువు మోయగలిగింది 10 మీటర్ల పైచిలుకు నీళ్లు మాత్రమే. రాపిడి, సందులు లెక్కేసుకుంటే 7 మీటర్లు దాటాక పని కష్టమవుతుంది. అందుకే నీళ్లు కిందికి పోయిన ప్రతిసారీ రైతు బావి గోడలో ఇంకో అరుగు తొలిచి ఇంజన్‌ను కిందికి దించాడు. మన సీమ పాత బావుల్లో తొంగి చూడండి, ఒకదాని కింద ఒకటిగా అరుగులు కనిపిస్తాయి. ఏ ఏటి కరువుకు నీళ్లు ఎంత దిగాయో ఆ గోడే చెబుతుంది. చివరికి ఇంజన్ దించే చోటు కూడా లేకపోయింది. బోర్లు వచ్చాయి, మోటారే నీళ్లలోకి దిగి కింది నుంచి తోసే పద్ధతి వచ్చింది. పైనుంచి లాగే పని లేనప్పుడు ఫుట్‌వాల్వు పని అయిపోయింది. అది గుజిరీ అంగడికి చేరింది.

ఇప్పుడు ఆ ఫుట్‌వాల్వును తలకిందులు చేసి లోపల బల్బు పెట్టండి. జల్లెడ చిల్లుల్లోంచి వెలుగు గోడ మీద చుక్కలు చుక్కలుగా పడుతుంది. నీళ్లు దూరిన దారుల్లోనే వెలుతురు బయటికి వస్తుంది. దానికి వేరే నగిషీ అక్కరలేదు. కొత్తగా చిల్లులు కూడా పొడవొద్దని నా మాట.

రెండున్నర అంగుళాలదో మూడంగుళాలదో అయితే బల్బుకు చోటు సరిపోతుంది. ముందు అడుగు బోల్టులు విప్పి మూత తీసెయ్యాలి. ఏళ్ల తరబడి నీళ్లలో ఉన్న బోల్టు తేలిగ్గా రాదు. స్పానరుతో బలవంతం చేస్తే తల తెగి చేతికొస్తుంది. కిరసనాయిలు పోసి రాత్రంతా నాననిచ్చి, పొద్దున సుత్తితో చిన్నగా తట్టి, ముందుకొక పాలు, వెనక్కొక పాలు తిప్పుతూ తియ్యాలి. లోపల సున్నపు పొర గట్టిగా పట్టి ఉంటుంది, మన నీళ్ల గుణం అది. దానికి వెనిగరు చాలు, నిదానంగా కరుగుతుంది.

బల్బు ఎంచుకోవడంలో ఒక చిన్న కిటుకుంది. వెలుగు పుట్టే చోటు ఎంత చిన్నదైతే నీడ అంచు అంత స్పష్టంగా ఉంటుంది. పాలగాజు బల్బు పెడితే గోడ మీద చుక్కలు మసకగా కలిసిపోతాయి. తేట గాజులో సన్న తీగల్లాంటి ఎల్ఈడీలు ఉండే బల్బు పెడితే చిల్లు ఆకారం గోడ మీద దిగుతుంది. ఈ తీగ బల్బులు చూడటానికి ఎడిసన్ కాలం నాటివాటిలా ఉంటాయి. 1879లో ఆయన నిలబెట్టిన బల్బులో మసి చేసిన నూలుదారం వెలిగింది, తర్వాత కాల్చిన వెదురునార వాడారు. ఇప్పటి బల్బులో అవేవీ లేవు. పాత 40 వాట్ల బల్బిచ్చే వెలుగును ఇది 4 వాట్లతోనే ఇస్తుంది. పాత రకం బల్బు తీసుకున్న కరెంటులో చాలాభాగం వేడిగానే పోగొట్టుకుంటుంది. దాన్ని ఇనుప బుర్రలో బంధిస్తే హోల్డరు మాడి వైరు తొడుగు కరిగిపోతుంది. ఇట్లాంటి దీపంలో దాన్ని పెట్టనే పెట్టకండి.

స్విచ్చు కోసం గేటువాల్వు తీసుకోవచ్చు. చక్రం తిప్పితే దీపం వెలగడం చూసినవాళ్లకు సంబరంగా ఉంటుంది, నాకూ అంతే. గేటువాల్వుల్లో రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో చక్రం తిప్పేకొద్దీ కడ్డీ పైకి లేస్తుంది, ఇంకోదాంట్లో కడ్డీ ఉన్నచోటే తిరుగుతుంది. మనకు కావలసింది రెండోది. లోపలి గేటు తీసేసి, కడ్డీ కొసను తిరిగే స్విచ్చుకో, వెలుగు తగ్గించి పెంచే రెగ్యులేటరుకో చిన్న ఇత్తడి గొట్టంతో జత చెయ్యాలి. రెగ్యులేటరు ముక్కాలు చుట్టు మాత్రమే తిరుగుతుంది, వాల్వు చక్రం బోలెడు చుట్లు తిరుగుతుంది. అందుకని కడ్డీ ముక్కాలు చుట్టులోనే ఆగేట్టు చిన్న పిన్ను పెట్టించాలి. రెగ్యులేటరు వాడితే బల్బు కూడా దానికి తట్టుకునే రకమై ఉండాలి, లేకుంటే మినుకుమినుకుమంటుంది.

ఈ ముక్కలన్నీ ఒకదాంట్లో ఒకటి ఎట్లా బిగుస్తాయని అడుగుతారు. ఇక్కడే నాకు ఎప్పటికీ ఆశ్చర్యం తీరని సంగతి ఒకటుంది. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లండు ఇంజనీరు, మరల మీది చుట్లన్నీ ఒకే లెక్కలో ఉండాలని ప్రతిపాదించాడు. అంతకుముందు ఏ కార్ఖానా మర ఆ కార్ఖానాదే. చుట్టు కోణం 55 డిగ్రీలు, అంగుళానికి ఇన్ని చుట్లు అని ఆయన కట్టిన లెక్క నీళ్ల పైపులకు ఇప్పటికీ నడుస్తోంది. అర అంగుళం పైపుకు అంగుళానికి 14 చుట్లు, ముప్పావు అంగుళానికీ 14, అంగుళం పైపుకు 11. అందుకే మన తాతల నాటి ఇత్తడి వాల్వు, ఈ పొద్దు కడపలో హార్డ్‌వేర్ అంగట్లో కొన్న జీఐ పైపుకు చక్కగా ఎక్కుతుంది. మెట్రిక్ బోల్టుల కోణం 60 డిగ్రీలు. అవి రెండు చుట్లు ఎక్కినట్టే ఎక్కి బిగుసుకుపోతాయి. ఎక్కలేదంటే బలవంతం చెయ్యకండి, పాత మర చెడిపోతుంది. ఇంకో మాట, అర అంగుళం పైపంటే బయటి కొలత అర అంగుళం కాదు, 21 మిల్లీమీటర్ల పైన ఉంటుంది. చిల్లు వేసేముందు కొలిచి చూసుకోవాలి.

సాధ్యమైనంత వరకు వెల్డింగు లేకుండా మరలతోనే కూర్చమంటాను. దానికి రెండు కారణాలున్నాయి. పోత ఇనుములో కార్బన్ ఎక్కువ, మామూలు రాడ్డుతో అతికితే చల్లారేటప్పుడు పక్కనే పగులుతుంది. నికెల్ రాడ్డు కావాలి, ముందు వేడి చెయ్యాలి, తర్వాత బూడిదలో పూడ్చి నిదానంగా చల్లార్చాలి. చెయ్యి తిరిగిన వెల్డరైతేనే అది చెయ్యగలడు. ఇక జీఐ పైపుకు జింకు పూత ఉంటుంది. దాన్ని వెల్డింగు చేస్తే తెల్లటి పొగ లేస్తుంది, అది పీలిస్తే ఆ రాత్రికి చలిజ్వరం వస్తుంది. వెల్డర్లను అడగండి, చెబుతారు. మరలతో కూర్చినదానికి ఇంకో మేలు కూడా ఉంది, రేపు ఎవరైనా విప్పి ఆ వాల్వును వాల్వులాగే వాడుకోవచ్చు.

అడుగు పీటకు నేను వేరే ఊరి వైపు చూడను. మన నాపరాయి ఉంది. నల్లటి సున్నపురాయి, ప్రపంచమంతా కడప బండ అనే పేరుతోనే కొంటుంది. పాలిష్ ఫ్యాక్టరీల బయట కోసి మిగిలిన ముక్కలు కుప్పలుగా పడి ఉంటాయి. అడిగితే ఇస్తారు. బరువుంటుంది కాబట్టి దీపం తల ఎంత పెద్దదైనా పడిపోదు. చిల్లు వెయ్యాలంటే వజ్రపు పళ్ల బిట్టు, ఆగకుండా పడే నీటిధార ఉండాలి. నీళ్లు లేకుండా తొలిస్తే బిట్టు కాలిపోతుంది, లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. ఇది సున్నపురాయి కనుక పులుపు పడదు. నిమ్మరసమో చింతపండు రసమో పడితే తెల్లటి మచ్చ ఏర్పడి పాలిష్ పోతుంది. ఇత్తడి ముక్కలను చింతపండుతో తోమాలనుకుంటే బండకు బిగించకముందే తోమండి.

తుప్పు గురించి చెప్పాలి. రాలిపోయే తుప్పును వైరు బ్రష్షుతో తీసెయ్యాలి, అందులో సందేహం లేదు. లోపలి గట్టి తుప్పు మాత్రం ఇనుముకు పట్టుకుని ఉంటుంది. దాన్ని గీకి గీకి తెల్లగా మెరిపిస్తే ముక్క చచ్చిపోతుంది. అక్కడ కరక్కాయ వాడండి. కరక్కాయలను దంచి నీళ్లలో బాగా మరిగించి, చల్లార్చి, వడగట్టి, ఆ కషాయాన్ని బ్రష్షుతో పూయండి. ఎర్రగా ఉన్న తుప్పు కొన్ని గంటల్లో నీలం కలిసిన నలుపుకు తిరుగుతుంది. కరక్కాయలోని వగరు గుణం, ఇనుము కలిస్తే నల్లటి పదార్థం ఏర్పడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో నల్లటి గీత వచ్చేది సరిగ్గా ఈ పద్ధతిలోనే: గుడ్డకు ముందే కరక్కాయ పట్టిస్తారు, తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లతో దాని మీద గీస్తారు, గీసిన చోట నల్లబడుతుంది. గుడ్డ మీద జరిగే పని మనం వాల్వు మీద చేస్తున్నాం, అంతే. నల్లబడి ఆరిన తర్వాత తేనెమైనమో అవిసెనూనో పలచగా రుద్దితే మళ్లీ తొందరగా తుప్పు పట్టదు. అవిసెనూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూలన పడెయ్యకండి. అది ఆరేటప్పుడు దానంతట అదే వేడెక్కి అంటుకోగలదు. విప్పి తీగ మీద ఆరెయ్యాలి, లేకుంటే నీళ్లలో ముంచాలి.

తుప్పు మరీ మందంగా ఉంటే చాకలిసోడా నీళ్లలో ముంచి, బ్యాటరీ చార్జరుతో కరెంటు పంపి వదిలించే పద్ధతి ఉంది. చార్జరు నెగటివ్ తీగ మన ముక్కకు, పాజిటివ్ తీగ వేరే పాత ఇనుప ముక్కకు తగిలించాలి. ఇది ఆరుబయటే చెయ్యాలి, మండే వాయువు వస్తుంది. ఆ రెండో ముక్కగా స్టెయిన్‌లెస్ స్టీలు మాత్రం వద్దు, నీళ్లు విషమవుతాయి.

ఒత్తిడి చూపే గేజీలు ఈ దీపాలకు అందం. చెడిపోయిన గేజీ దొరికితే అద్దం తీసి లోపల చూడండి. ప్రశ్నార్థకం లాగా వంగిన ఒక చదునైన ఇత్తడి గొట్టం ఉంటుంది. లోపల ఒత్తిడి పెరిగితే ఆ గొట్టం నిటారు కావాలని చూస్తుంది, ఆ కాస్త కదలికనే చిన్న పళ్లచక్రం పెద్దది చేసి ముల్లు తిప్పుతుంది. 1849లో యూజీన్ బోర్డాన్ అనే ఫ్రెంచి ఆయన పేటెంటు తీసుకున్న ఉపాయమిది. పనిచేయని గేజీని దీపానికి బిగించేటప్పుడు ముల్లును మన ఇష్టం వచ్చిన అంకె మీద పెట్టకండి. అది ఆగిన చోటే ఉండనివ్వండి.

అన్ని పాత ముక్కలూ ఇంట్లోకి తెచ్చేవి కావు. పాత ఇంజన్ల గ్యాస్కెట్లలో, పొగగొట్టానికి చుట్టిన తెల్లటి తాళ్లలో రాతినార, అంటే ఆస్‌బెస్టాస్, ఉండొచ్చు. మన పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లెలో తవ్వినది ఆ రాతినారే. దాని పొడి ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తర్వాత జబ్బు బయటపడుతుంది. అట్లాంటిది కనిపిస్తే గీకకుండా, గ్రైండరు పెట్టకుండా, తడిపి సంచిలో కట్టి పక్కన పెట్టండి. పాత యంత్రాల రంగుల్లో సీసం ఉండొచ్చు, ఎండు గరుకుకాగితంతో రుద్దకండి. పెట్రోమాక్స్ లైట్ల మాంటిల్స్‌లో థోరియం వాడేవాళ్లు, అది కొద్దిగా రేడియోధార్మికత ఉన్న పదార్థం. పాత మాంటిల్ బూడిదను పిల్లల చేతికి ఇవ్వొద్దు. పెట్రోమాక్స్ ఒళ్లు మాత్రం నిశ్చింతగా వాడుకోవచ్చు, ఎంత చక్కటి ఇత్తడి పనో అది.

ఇక ఎక్కడ కొనాలన్నది ఒక ధర్మం, ఒక చట్టం రెండూ ఉన్న విషయం. రైలు పట్టా మేకు, సిగ్నలు దీపం, ఇంజన్ పలక చూడగానే మనసు లాగుతుంది. కానీ దొంగిలించినదని అనుమానం ఉన్న రైల్వే సామాను మన దగ్గర దొరికితే, న్యాయంగా వచ్చిందని నిరూపించుకోవాల్సింది మనమే. 1966 నాటి చట్టం కింద అయిదేళ్ల దాకా జైలు ఉంటుంది. రైల్వే తన పాత ఇనుమును వేలం వేస్తుంది. ఆ వేలంలో కొన్న వ్యాపారి దగ్గర రశీదుతో తీసుకోండి, ఆ రశీదు దీపం ఉన్నంత కాలం దాచండి. అట్లాగే కొత్తగా తెగిన బోరు కేబులు, ట్రాన్స్‌ఫార్మరు రాగితీగ ఎంత చవగ్గా వచ్చినా ముట్టొద్దు. ఎవరో రైతు పైరు ఎండిపోవడానికి అది కారణమై ఉంటుంది. మన అందమైన దీపం వెనక ఒక ఎండిన మడి ఉండకూడదు.

కరెంటు పని గురించి గట్టిగానే చెబుతాను. ఈ దీపం ఒళ్లంతా ఇనుము. 230 వోల్టుల తీగ లోపల ఎక్కడైనా ఒరుసుకుంటే ఒళ్లంతా షాకు. పైపు కొసలను ఆకురాయితో నున్నగా చేసి, తీగ దూరే ప్రతి చిల్లుకూ రబ్బరు రింగు పెట్టాలి. మూడు తీగల వైరు, మూడు పిన్నుల ప్లగ్గు ఉండాలి. పచ్చ తీగను దీపం ఒంటికి మరతో బిగించాలి, రంగు గీకి ఇనుము తేలిన చోట. లోపల పింగాణీ హోల్డరు వాడాలి. వైరు లాగితే ఊడకుండా మొదట్లోనే పట్టుక్లిప్పు ఉండాలి. ఇవన్నీ చేసినా ఇంటి ఎర్తు బాగా లేకుంటే వృథా. మన సీమ నేల ఎండు నేల, తడి లేని మట్టి కరెంటును సరిగా తీసుకోదు. ఎర్తు గుంతలో ఉప్పు, బొగ్గు వేసి, ఎండాకాలంలో రోజు మార్చి రోజైనా నీళ్లు పోయాలి. మీటరు బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకైతే పడిపోయే బ్రేకరు పెట్టించుకోవాలి. ఇవేవీ చేతకాకుంటే 12 వోల్టుల అడాప్టరు, 12 వోల్టుల బల్బు వాడండి. వెలుగు తక్కువేమీ కాదు, భయం చాలా తగ్గుతుంది. పిల్లలున్న ఇంటికి నేను సలహా ఇచ్చేది అదే.

మన రాష్ట్రంలో పాత ఇనుముతో గొప్ప పని చేసినవాళ్లున్నారు. తెనాలి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర నట్లు, బోల్టులు, పాత ఇనుప ముక్కలతో నిలువెత్తు విగ్రహాలు చేస్తారు. 2021లో వాళ్లు చేసిన ప్రధానమంత్రి 14 అడుగుల విగ్రహం గురించి పత్రికలు రాశాయి. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో లలితకళలు బోధించే శ్రీనివాస్ పడకండ్ల పాత వాహనాల ముక్కలతో చేసిన బొమ్మలు పలు నగరాల పార్కుల్లో, కూడళ్లలో ఉన్నాయి. వాళ్ల పనిలో ముక్క తన పాత రూపం వదిలి గుర్రంగానో మనిషిగానో మారుతుంది. శిల్పానికి అది న్యాయం. దీపం విషయంలో నేను కోరేది వేరు. వాల్వు వాల్వుగానే కనిపించాలి, పళ్లచక్రం పళ్లచక్రంగానే ఉండాలి. చూసిన పిల్లవాడు ఇదేంటి తాతా అని అడిగితే, చెప్పడానికి ఆ ముక్కలోనే జవాబుండాలి.

అందుకే బజారులో ఇప్పుడు దొరికే నకిలీలు నాకు బాధ కలిగిస్తాయి. కొత్త పైపుకు నల్ల రంగు కొట్టి, ఎన్నడూ తిరగని ప్లాస్టిక్ చక్రాలు అంటించి, తుప్పు రంగు చల్లి అమ్ముతున్నారు. వాటి మీద అరుగుదల లేదు. నిజమైన పళ్లచక్రం చూడండి, పళ్లు ఒక పక్కే అరిగి ఉంటాయి, ఎందుకంటే అది బతుకంతా ఒకే దిక్కుకు తిరిగింది. నిజమైన వాల్వు చక్రం అంచున చెయ్యి పట్టే చోట నునుపు తేలి ఉంటుంది. ఆ నునుపు ఒక మనిషిది. పాలిష్ చేసి దాన్ని పోగొట్టుకోవద్దు. పోతలోనే తేలిన కార్ఖానా పేరు, అంకెలు, ఇంజన్ మీది ఇత్తడి పలక కూడా అట్లే ఉంచాలి. ఇంగ్లండు లిస్టర్ ఇంజన్ నమూనాలో మన రాజ్‌కోట్ కార్ఖానాలు పోసిన ఇంజన్లు, కిర్లోస్కర్ వాళ్లవి మన మళ్లలో నడిచాయి. వాటి పలకల మీద గుర్రపు శక్తి ఎంతో, నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో అచ్చొత్తి ఉంటుంది. కొంతమంది ఆ పలకను దీపం వెనక దాచేస్తారు. ముందు పెట్టండి.

చివరగా ఒక పని చెబుతాను, ఇది దీపం చేసిన రోజే చెయ్యాలి. నాపరాయి పీటను తిరగేసి, అడుగున చెక్కించండి: ఇది ఏ ఊరి బావిది, ఎన్ని మట్ల లోతు బావి, ఏ ఇంజన్ కింద నడిచింది, నీళ్లింకి ఈ ముక్కను ఎప్పుడు పైకి తీశారు, ఎవరు నడిపారు. గుజిరీ అంగడాయనను అడిగితే ఏ పల్లె నుంచి వచ్చిందో చాలాసార్లు చెబుతాడు. ఆ పల్లెకు పోతే ఆ ఇంజన్ బాగుచేసిన మెకానిక్కో, బావిలోకి దిగి ఫుట్‌వాల్వు బిగించిన మనిషో ఇంకా దొరుకుతారు. అరుగు ఎన్నిసార్లు దించారో వాళ్లకు గుర్తుంటుంది. కాగితం మీద రాసి అంటిస్తే ఏడాదికి ఊడిపోతుంది, రంగుతో రాస్తే ఒరుసుకుపోతుంది. బండల మీద పేర్లు చెక్కేవాళ్లు ఎర్రగుంట్లలోనూ, కమలాపురంలోనూ ఉన్నారు. లోతు తక్కువగా, అక్షరం పెద్దదిగా చెక్కమనండి. చెక్కిన గాడిలో కొంచెం సున్నం రుద్దితే నల్లరాతి మీద తెల్లగా చదవడానికి వీలుగా ఉంటుంది.